రబ్బరు చక్రానికి నువ్వుల నూనె

నా చిన్నప్పుడు మేము గోదావరిఖనిలో కంపెనీ ఇచ్చిన రెండు గదుల క్వార్టరులో ఉండేవాళ్లం. మా అమ్మ మాత్రం దాన్ని ఎన్నడూ ఇల్లు అనలేదు, మకాం అనేది. ఇల్లంటే మంథని అవతల మా ఊళ్లో ఉన్న, కోటలాంటి మా దొరల గడీ. అది మా చేతుల్లోంచి పోయి అప్పటికి నాలుగేళ్లయింది. మా తాత పోయాక భూములు, గడీ ఒకదాని వెనుక ఒకటి పోయాయి. మా బాపు బొగ్గుబాయి ఆఫీసులో గుమాస్తాగా చేరాడు. ఇస్త్రీ చేసిన తెల్ల చొక్కా మీద బొగ్గు ధూళి పడకుండా గొడుగు పట్టుకుని ఆఫీసుకు నడిచి వెళ్లేవాడు. సైకిలు కొనుక్కోమని ఎవరో సలహా ఇస్తే, గుర్రం దిగినవాళ్లు సైకిలెక్కరని జవాబు చెప్పాడట. నేను ఆ బాపు కూతుర్ని. వీపు వంచి కూర్చుంటే మా అమ్మ చూపుడు వేలితో వెన్నులో పొడిచేది.

నాకు పదకొండేళ్ల వయసులో, ఎండాకాలం సెలవుల్లో, బాపు ఏదో సంతకం పని మీద ఊరికి వెళ్తూ నన్ను వెంట తీసుకెళ్లాడు. గడీ కొన్న పెద్దమనిషి, బాపు అరుగు మీద కాగితాలు చూసుకుంటుంటే నేను వెనకవైపు పశువుల కొట్టంలోకి వెళ్లాను. అక్కడ, గడ్డిమోపుల పక్కన, మా తాత రేడియోగ్రాం కనిపించింది. నా నడుమెత్తు ఉన్న పెద్ద చెక్క పెట్టె అది. ఒకవైపు రేడియో, ఇంకోవైపు మూత ఎత్తితే రికార్డులు తిరిగే పళ్లెం. మా తాత దాన్ని హైదరాబాదు నుంచి తెప్పించాడని, గడీ అప్పగించిన రోజు కొత్త యజమాని దాన్ని గుంజుకుని ఉంచేసుకున్నాడని మా ఇంట్లో చెప్పుకునేవాళ్లు. ఇప్పుడు ఆ పళ్లెం మీద ఒక కోడి గుడ్లు పొదుగుతోంది.

నేను కోడిని తోలి, మూత వేసి, దాని మీద ఎక్కి కూర్చున్నాను. బాపు పిలిస్తే లేవలేదు. ఇది మాది, ఇది లేకుండా బండెక్కనని చెప్పాను. ఆ పెద్దమనిషి విరగబడి నవ్వాడు.

"తీస్కపో బిడ్డా, నేనేం జేస్కోను? కోడి గుడ్లు పెట్టింది, గవి గూడ తీస్కపో!"

బాపు ముఖం కందిపోయింది. అది ఆ మనిషి మీద కోపం అనుకున్నాను. తిరుగు ప్రయాణంలో ఎడ్లబండి మీద రేడియోగ్రాం, దాని మీద నేను, నా ఒళ్లో ఆరు గుడ్లు. బాపు మాత్రం బండెక్కకుండా ఊరు దాటేదాకా బండికి చాలా ముందుగా నడిచాడు.

ఆ పెట్టె మా ముందు గదిలో సగం ఆక్రమించింది. వంటింట్లోకి పోవాలంటే పక్కకు తిరిగి నడవాలి. వారం రోజులు చూసి బాపు తన తీర్పు చెప్పాడు. మంథనిలో మా మేనత్త దగ్గర ఉన్న నాయనమ్మ దసరా దాటిన మూడో రోజున మా దగ్గరికి వచ్చేస్తుంది. ఆమె మంచానికి ఆ గది తప్ప చోటు లేదు. అప్పటికి ఈ పెట్టె పలికితే ఉంటుంది. పలకకపోతే వడ్లాయనకు అప్పజెప్పి, దీని చెక్కతోనే ఆమెకు మంచం చేయిస్తాడు. బాపు ఏ మాటా రెండోసారి చెప్పడు, చెప్పిన మాట మార్చడు. నాకు నాలుగు నెలలకు పైగా గడువుంది.

మా పక్కింట్లో ఒక కాక ఉండేవాడు. బాయిలో ఎలక్ట్రీషియన్. వాళ్ల నాయన మా గడీలో పాలేరు పని చేసిన జీతగాడు. అందుకే అమ్మ నన్ను వాళ్ల గడప తొక్కనిచ్చేది కాదు, నేనూ ఆయన్ను బాబాయి వరసతో కాక అని పిలిచేదాన్ని కాదు. ఏ వరసా పెట్టకుండానే మాట్లాడేదాన్ని. కానీ ఆ వాడకట్టులో వైర్లు, మోటార్లు తెలిసినవాడు ఆయనొక్కడే. ఒక సాయంత్రం వాళ్ల గుమ్మం ముందు నిలబడి, మా రేడియోగ్రాం బాగుచెయ్యాలె అన్నాను. అడగడం నాకు రాదు.

ఆయన భార్య చాటలో బియ్యం చెరుగుతోంది. "ఓ యబ్బ! దొరసాని తాకీదు తెచ్చింది. పో మరి, చేతులు కట్టుకొని పో," అంది మొగుడితో.

ఆయన తల తుడుచుకుంటూ, "చెయ్యాలె అంటున్నవు. ఎవలు చెయ్యాలె? నేనొక్కన్నేనా, నువ్వు గూడ చేస్తవా?" అని అడిగాడు.

"నేనెందుకు చేస్త?"

"గట్లయితె నాతోని గాదు బిడ్డా. బాయిల ఎవ్వడు ఒక్కడే పని చెయ్యడు."

సరే చేస్తనన్నాను.

ఆయనది మొదటి షిఫ్టు. పొద్దున సైరను కూతకు వెళ్లి నాలుగింటికల్లా వచ్చి స్నానం చేసేవాడు. అందుకని పగటి పని నాది, సాయంత్రం పని ఆయనది అని పంచుకున్నాం. నేను మరలు విప్పి గిన్నెలో వేసేదాన్ని, ఎలుక పెంటికలు, కోడిరెట్టలు గీకేదాన్ని, బ్రష్షుతో ధూళి దులిపేదాన్ని. సాయంత్రం ఆయన మా గుమ్మంలోకి వచ్చి, కూర్చునే ముందు ఒకటే ప్రశ్న అడిగేవాడు. "నీ షిఫ్టుల ఏమైంది?"

నేను లేచి నిలబడి చెప్పాలి. ఏం విప్పాను, ఏం తుడిచాను, ఏది ఊడింది, ఏది విరిగింది. బాయిలో ఒక షిఫ్టు వాళ్లు పైకి వస్తూ, దిగే షిఫ్టు వాళ్లకు ఇలాగే ముఖాముఖి చెబుతారట. ఎక్కడ పైకప్పు పగులుతోంది, ఏ కేబులు వేడెక్కుతోంది, ఏ పంపు మొరాయిస్తోంది, అన్నీ. చెప్పాకే పైకి రావాలి. ఆ పద్ధతి నాకు నచ్చింది. గడీలో మా తాత ముందు భూముల కారోబారు చూసేవాళ్లు నిలబడి విన్నవించేవాళ్లని విన్నాను. ఇక్కడ నేను నిలబడి చెబుతున్నా, నా మాట కోసం ఒక పెద్ద మనిషి ఆగి వింటున్నాడు.

చీకటి పడి వెళ్లేటప్పుడు ఆయన కూడా నాకు అప్పజెప్పేవాడు. ఒకరోజు, "నా షిఫ్టుల రెండు వైర్లు మార్చిన. గాజు వాల్వు ఒకటి పెట్టవోయి పలగ్గొట్టిన. తప్పు నాదే, చెయ్యి జారింది. మంచిర్యాలల దొరుకుతది, తెస్త," అన్నాడు. నాకు నవ్వాగలేదు. పెద్దవాళ్లెవరైనా తమ గురించి తాము అలా చెప్పుకోవడం అంతకుముందు నేను వినలేదు. ఆయన నా నవ్వు పట్టించుకోకుండా, ఏ వాల్వో, ఎక్కడిదో చూపించి మరీ వెళ్లాడు.

పని నెమ్మదిగా సాగింది. ఎలుకలు కొరికిన వైర్లన్నీ మార్చాడు. స్పీకరు కాగితం చిరిగితే పతంగి కాగితం తెచ్చి మైదా జిగురుతో అతికించాం. బడి తెరిచాక నా పని అన్నానికి ఇంటికొచ్చే మధ్యాహ్నాలకూ ఆదివారాలకూ కుదించుకుపోయింది, కానీ ఒక్క రోజూ మానలేదు. మొదట్లో ఆ వైపు చూడని అమ్మ, ఒకరోజు కొబ్బరినూనెలో నిమ్మరసం కలిపి తానే చెక్కకు రుద్దింది. శ్రావణమాసంలో రేడియో పలికింది. అందులోంచి వార్తలు చదివే మగ గొంతు వినగానే, అమ్మ వంటింట్లోంచి కొంగు నెత్తిన కప్పుకుని వచ్చింది, ఇంటికెవరో పెద్దలు వచ్చినట్లు.

బతుకమ్మ మొదలైన రోజుల్లో పళ్లెం కూడా తిరిగింది. మా రికార్డులన్నీ కోళ్ల కింద పగిలిపోగా ఒక్క సన్నాయి రికార్డు మిగిలింది. అది పాడుతుంటే కాక చెవి ఒగ్గి విని, ఉన్నట్టుండి నవ్వాడు. మా ఊరికి అప్పట్లో కరెంటు లేదు. ఈ పెట్టె కోసం మా తాత గడీ వెనుక ఒక డీజిల్ ఇంజను పెట్టించాడు. దాన్ని తిప్పింది కాక వాళ్ల నాయన.

"ముందటింట్ల పాట, ఎనకింట్ల ఇంజను. మా నాయనకు పాట ఎన్నడు ఇనరాలే. ఏం పాటనే అది అని అడిగితె, డగడగడగ అని పాడేటోడు మాకు!" అని చెప్పి మళ్లీ నవ్వాడు. నాకు ఎందుకో నవ్వు రాలేదు.

బాపు ఇంకా వినలేదు. గడువు రోజున తానే విని తేల్చుతానన్నాడు. నాకు బెంగ లేదు, పెట్టె పలుకుతోంది కదా.

దసరా నాలుగు రోజులుందనగా బాయిలో యంత్రాలన్నీ కడిగి, రంగులేసి పూజకు సిద్ధం చేస్తున్నారని కాక చెప్పాడు. మా గడీలో ఆయుధపూజ ఎలా జరిగేదో నాయనమ్మ చెప్పిన మాటలు నాకు గుర్తొచ్చాయి. తుపాకీకి, కత్తులకు, ఇంజనుకు, చివరికి గోడ గడియారానికి కూడా నువ్వుల నూనె రాసి బొట్టు పెట్టేవాళ్లట. ఇప్పుడు మాకు తుపాకీ లేదు, కత్తీ లేదు, గడియారమూ లేదు. ఈ పెట్టె ఒక్కటే ఉంది. దీనికి పూజ నేను చెయ్యకపోతే ఎవరు చేస్తారు? మర్నాడు మధ్యాహ్నం అమ్మ నిద్రపోతుండగా స్నానం చేసి వచ్చి, చెక్కకు పసుపు కుంకుమ పెట్టాను. పళ్లెం ఎత్తి పక్కన పెట్టాను. దాని కింద మోటారుకూ పళ్లేనికీ నడుమ ఒక చిన్న రబ్బరు చక్రం ఉంటుంది. మోటారు దాన్ని తిప్పుతుంది, అది పళ్లేన్ని తిప్పుతుంది. పాపం, ఎండిపోయినట్లు కనిపించింది. దానికి చుట్టూరా నువ్వుల నూనె పట్టించి దండం పెట్టుకున్నాను.

తర్వాత రికార్డు వేస్తే సన్నాయి బురదలో దిగబడిన బర్రెలా మూలిగింది. గబగబా ఆపేశాను. పళ్లెం ఎత్తి, లంగా అంచుతో చక్రాన్ని తళతళలాడేదాకా తుడిచాను. మళ్లీ వేశాను. మళ్లీ అదే మూలుగు.

నాలుగింటికి కాక వచ్చాడు. "నీ షిఫ్టుల ఏమైంది?"

"ఏం కాలేదు. పళ్లెం ముట్టుకోలేదు," అన్నాను. నిటారుగా నిలబడే అన్నాను.

ఆయన తల ఊపాడు. రికార్డు వేసి విన్నాడు. నుదురు ముడిచి, "నువ్వు ముట్టలేదంటివి గద. అయితె మోటరే," అని మోటారు విప్పడం మొదలుపెట్టాడు.

మూడు సాయంత్రాలు విప్పాడు, తుడిచాడు, బిగించాడు. బయట వాడకట్టు ఆడవాళ్లంతా బతుకమ్మ ఆడుతున్నారు. ఆయన భార్య మా గుమ్మం దాకా వచ్చి, "పండుగొచ్చె, ఇంటికి సున్నమెయ్యవు గని దొరల పెట్టె ముందల పూజారి లెక్క కూసుంటవు!" అని కోప్పడి వెళ్లేది. ఆయన నూనె చేతులు తుడుచుకుంటూ ప్రతిరోజూ నాకు అప్పజెప్పేవాడు. ఇయ్యాల ఇది చూసిన, మంచిగనే ఉంది. ఇది చూసిన, ఇది గూడ మంచిగనే ఉంది. నేను వింటూ నిలబడేదాన్ని. రాత్రి పడుకున్నాక, చేసింది పూజ కదా, పూజ తప్పెలా అవుతుందని నాకు నేనే వాదించుకునేదాన్ని.

దసరా పొద్దున ఆయన మోటారును తువ్వాలలో మూటగట్టి మా గుమ్మం ముందుకు వచ్చాడు. వరంగల్‌లో మోటార్లకు కొత్త తీగ చుట్టే మనిషి ఒకాయన తెలుసని, పండుగైనా ఇంటికి పోతే పని చేసిస్తాడని, రైలుకు పోతున్నానని చెప్పాడు. ఎల్లుండికల్లా వస్తాడట. వాళ్లింట్లో పిల్లలు కొత్త బట్టలు కట్టుకుని నిలబడ్డారు. మామగారు ఊరి నుంచి వచ్చి కూర్చున్నాడు. కాక మనసులో ఏ అనుమానమూ లేకుండా, చెప్పవలసింది చెప్పి, మూట చంకన పెట్టుకుని స్టేషనుకు పోయే బస్సు వైపు నడిచాడు.

లోపల బాపు చాయ తాగుతున్నాడు. నేను నోరు తెరిస్తే ఆయన వింటాడు. వాడకట్టంతా వింటుంది. గడీ పిల్ల పాడుచేసి అబద్ధమాడిందని రేపటికి ఊరంతా తెలుస్తుంది. పైగా బాపు ఆ పూటే వడ్లాయన్ను పిలిపించినా పిలిపిస్తాడు. ఊరుకుంటే ఎవరికీ తెలియదు. మోటారు చుట్టినా పలక్కపోతే దాని గీత అంతే అనుకుంటారు. కాక వాడకట్టు మలుపు దగ్గరికి వెళ్లిపోయాడు. ఆయన వీపు చూస్తుంటే, నా మాటను ఆయన ఒక్కసారైనా అనుమానించలేదన్న సంగతి గుర్తొచ్చింది.

పరుగెత్తాను. "కాకా! ఆగు కాకా! మోటరు మంచిదే. రబ్బరు చక్రానికి నేనే నూనె పెట్టిన. ముట్టలేదని అబద్ధం చెప్పిన."

ముగ్గులు వేస్తున్న చేతులన్నీ ఆగిపోయాయి. ముందుగా తేరుకున్నది ఆయన భార్య. "ఓ దొరసానీ! మూడొద్దుల సంది నా మొగన్ని నీ నూనెల బజ్జి లెక్క గోలిచ్చినవా!" అంది. వాడకట్టంతా గొల్లుమంది. నేను తల దించలేదు.

కాక నవ్వలేదు, కోప్పడలేదు. వెనక్కి వచ్చి మా ఇంట్లో పళ్లెం ఎత్తి, చక్రాన్ని వేలితో రాసి వాసన చూశాడు.

"కొన్నిటికి నూనె గావాలె బిడ్డా, కొన్నిటికి పట్టు గావాలె. ఇది పట్టుకొని తిప్పేది. నూనె పెడితె జారుతది."

నన్నెందుకు అనుమానించలేదని అడిగాను. నువ్వు చెప్పినవు గద అన్నాడు, అంతకంటే వేరే కారణం ఎందుకన్నట్టు. బాయిలో ముందరి షిఫ్టువాడు చెప్పిన మాట మీదే లోపలికి పోతారు, అది నమ్మకపోతే దిగడమే లేదు అన్నాడు. తర్వాత మోటారు మూట విప్పుతూ, నా వైపు చూడకుండా, ఇంకో సంగతి చెప్పాడు. ఇంతకుముందు వేరే బాయిలో పనిచేసినప్పుడు ఒక కేబులు తన చేతిలోనే కోసుకుపోయింది. అప్పుడే కొత్తగా చేరిన తాను, నవ్వుతారని సిగ్గుపడి, దానికి గుడ్డ చుట్టి ఊరుకున్నాడు. వచ్చే షిఫ్టువాడు ఏమైందని అడిగితే ఏం కాలేదన్నాడు. ఆ మనిషి కరెంటు కొట్టి పడిపోయాడు. బతికాడు గానీ ఆ కుడిచెయ్యి మళ్లీ లేవలేదు.

"నా సిగ్గు ఆయన చెయ్యి తిన్నది. నువ్వు జల్ది చెప్పినవు. నేను చెప్పలే," అన్నాడు.

దవాఖానలో పనిచేసే ఒకాయన ఇంటి నుంచి స్పిరిటు తెచ్చాడు. దూదితో చక్రాన్ని పదిసార్లు తుడిచి, సుద్దపొడి అద్ది, మళ్లీ తుడవమని నాకే ఇచ్చాడు. మోటారు బిగించేసరికి మధ్యాహ్నమైంది. సన్నాయి నిక్కచ్చిగా, నిటారుగా పలికింది. ఆయన లేచి పండుగ స్నానానికి వెళ్లాడు.

బాపు అంతా విన్నాడు.  సాయంత్రం జమ్మి ఆకు పట్టుకుని కాక వచ్చాడు. ఏటా గుమ్మం బయటే నిలబడి బాపు చేతిలో పెట్టి వెళ్లేవాడు. ఆ ఏడు బాపు లోపలికి రమ్మన్నాడు. రికార్డు మొత్తం ఇద్దరూ కూర్చుని విన్నారు. ఆయన వెళ్లాక బాపు పెట్టె మీద చెయ్యి వేసి, "ఇది ఉంటది. మంచం దీనికి ఆనిచ్చి వేద్దాం," అన్నాడు.

నేను సంతోషంతో లోపలికి పరుగెత్తబోతుంటే ఆగమన్నాడు. ఆయన గోడ వైపు చూస్తూ మాట్లాడాడు.

"గడీ అప్పజెప్పిన రోజు ఆ కొన్నాయన దీన్ని గుంజుకోలేదు బిడ్డా. నేనే ఇడిచిపెట్టి వచ్చిన. ఊరంత చూస్తుంటే బండి మీద సామానేసుకొని పోవుడు నాకు చేతగాలే. చిన్నవన్నీ బట్టల మూటల్ల దాచిన. ఇది దాగదు గద. మీ అమ్మకు, మీ నాయనమ్మకు ఆయన గుంజుకున్నడని చెప్పిన. నాలుగేండ్లు ఆ మనిషిని దొంగను చేసిన."

  కొట్టంలో ఆయన ముఖం ఎందుకు కందిందో, ఊరు దాటేదాకా బండికి దూరంగా ఎందుకు నడిచాడో అప్పుడు తెలిసింది. నాకు చేతనైనంత నిటారుగా నిలబడి ఆయన చెప్పింది విన్నాను. ఆ తర్వాత ఆయన అమ్మ దగ్గరికి వెళ్లి, ఆమెకు కూడా చెప్పాడు. మూడో రోజు నాయనమ్మ వచ్చింది. ఆమెకూ చెప్పాడు. ఆమె తన మందు సీసాలన్నీ తెచ్చి రేడియోగ్రాం మీద వరుసగా పెట్టుకుంది. ఆమె బతికినన్నాళ్లూ ఆ సీసాలు దించితేనే మాకు పాట.

మా వంశానికి మిగిలింది ఒక్క వెన్నెముక అని చుట్టాలు ఎగతాళి చేసేవారు. నేను కాదనను. ఆ వెన్ను వంచకుండానే తప్పు ఒప్పుకోవచ్చని నాకు చూపించినవాడు ఒక జీతగాడి కొడుకు. చదువుకున్నాను, పంతులమ్మనయ్యాను, ఒక బడికి పెద్దనై అక్కడే ఉద్యోగ విరమణ చేశాను. ఆఖరి రోజున నా స్థానంలోకి వచ్చిన అమ్మాయికి తాళాలు, రిజిస్టర్లు అప్పగించాక, కాగితాల్లో లేనివి కూడా చెప్పాను. మూడో తరగతి గది గోడ బీట వారిందని, తనిఖీ వచ్చినప్పుడల్లా అక్కడ పటం తగిలించి దాచానని. చేయని దొంగతనానికి ఒక పిల్లను బడి నుంచి పంపేశానని, నిజం తెలిశాక కూడా వాళ్లింటికి వెళ్లడానికి నా కాళ్లు రాలేదని. ఆ పిల్ల ఊరు, వాళ్ల నాన్న పేరు చెప్పి రాసుకోమన్నాను.

పాపం, ఆ అమ్మాయి కంగారుపడి, "కూర్చోండి మేడం, కూర్చుని చెప్పండి," అంటూ కుర్చీ జరిపింది. నేను కూర్చోలేదు. నిలబడే అన్నీ చెప్పి, ఆమె రాసుకోవడం పూర్తయ్యేదాకా ఆగి, అప్పుడు బయటికి వచ్చాను.